గుడ్డు నాణ్యత, ప్రోటీన్ కోసం పెట్టల ఎంపిక: రాయలసీమ కోళ్ల పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇంటి దగ్గర పది పెట్టలు మొదలుకొని షెడ్డులో రెండు మూడు వందల దాకా పెంచేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. వేల కోళ్ల కేజ్ ఫారాల వాళ్లకు ఇది పెద్దగా అక్కరకు రాదు. వాళ్లకు పిల్లలు హ్యాచరీ నుంచే వస్తాయి కాబట్టి జాతి సంగతి అక్కడే తేలిపోయి ఉంటుంది.

మంచి జాతి పెట్టుకుంటే గుడ్డులో ప్రోటీన్ పెరుగుతుందా?

శాతం పెరగదు. ఏ జాతి గుడ్డయినా పెంకు తీసేశాక వంద గ్రాములకు 12 నుంచి 13 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. తెల్లసొనలో సుమారు 11 శాతం, పచ్చసొనలో సుమారు 16 శాతం. గుడ్డు ఉన్నది లోపల పిల్ల తయారు కావడానికి. అందుకు కావాల్సిన సరుకును కోడి ఒంట్లోని ఏర్పాటు అంత సులభంగా తగ్గనివ్వదు, పెరగనివ్వదు. మేతలో ప్రోటీన్ తక్కువైతే పెట్ట సారం లేని గుడ్డు పెట్టదు. చిన్న గుడ్డు పెడుతుంది, లేకపోతే పెట్టడమే మానేస్తుంది.

మనం మార్చగలిగింది గుడ్డు బరువు, ఏడాదికి వచ్చే గుడ్ల సంఖ్య, తెల్లసొన చిక్కదనం, పెంకు గట్టిదనం. ప్రోటీన్ లెక్క కావాలంటే గుడ్డుకు ఎంత అని కాక పెట్టకు ఎంత అని చూడాలి. 40 గ్రాముల నాటు గుడ్డులో సుమారు 4.4 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఏడాదికి 55 గుడ్లు పెట్టే పెట్ట 240 గ్రాములు ఇస్తుంది. 57 గ్రాముల గుడ్డులో 6.3 గ్రాములు. అలాంటివి 200 పెట్టే పెట్ట 1,260 గ్రాములు ఇస్తుంది. తేడా ఐదు రెట్లు, గుడ్డులోని ప్రోటీన్ శాతం మాత్రం రెండింటిలోనూ ఒకటే. "హై ప్రోటీన్ జాతి" అని చెప్పి పిల్లకు ఎక్కువ రేటు అడిగేవాళ్ల దగ్గర కొనకండి.

నాటుకోడి గుడ్డులో బలం ఎక్కువని పెద్దవాళ్లు అంటారు కదా అన్నా?

నాటు గుడ్డు చిన్నది, అందులో పచ్చసొన వాటా కాస్త ఎక్కువ. కొవ్వు, విటమిన్ ఎ, విటమిన్ డి ఉండేవి పచ్చసొనలోనే కాబట్టి ఆ మాటలో కొంత నిజముంది. బయట తిరిగి ఆకు, పురుగు తిన్న పెట్ట గుడ్డు రుచి కూడా వేరుగా ఉంటుంది. ప్రోటీన్ విషయంలో మాత్రం పెద్ద గుడ్డుదే పైచేయి. పెంకు రంగుకు లోపలి సారానికి సంబంధం లేదు. టీ డికాక్షన్‌లో తెల్ల గుడ్లు ముంచి నాటువని అమ్మేవాళ్లు బతికేది ఈ నమ్మకం మీదే.

పెట్టలను ఎంచేటప్పుడు ఏ గుణం చూడాలి?

పెట్టకూ పెట్టకూ మధ్య కనిపించే తేడాలో పిల్లలకు దిగే వాటా ఒక్కో గుణానికి ఒక్కోలా ఉంటుంది. గుడ్డు బరువులో ఇది దాదాపు సగం. తెల్లసొన చిక్కదనం, పెంకు గట్టిదనం విషయంలో మూడో వంతు అటూ ఇటూ. గుడ్ల సంఖ్యలో చాలా తక్కువ, పదో వంతు నుంచి ఐదో వంతు. సంఖ్య ఎక్కువగా మేత, వెలుతురు, జబ్బుల మీద ఆధారపడుతుంది. అందుకే "ఈ పెట్ట బాగా పెడుతోంది, దీని పిల్లలూ అలాగే పెడతాయి" అనుకున్నవాళ్లు చాలాసార్లు నిరాశపడతారు. "ఈ పెట్ట పెద్ద గుడ్డు పెడుతుంది" అని నమ్మినవాళ్లకు అంత నిరాశ ఎదురవదు.

ఇంకో చిక్కు ఉంది. బరువు కోసమే ఎంచుకుంటూ పోతే సంఖ్య తగ్గుతుంది, సంఖ్య కోసమే చూస్తే గుడ్డు చిన్నదవుతుంది. రెండూ ఎదురుబొదురుగా లాగుతాయి. గుడ్డు పెద్దదయ్యే కొద్దీ అదే సున్నం ఎక్కువ పెంకు మీద పరుచుకోవాలి కాబట్టి పెంకు కూడా పలచబడుతుంది.

నా సలహా ఏమిటంటే చిన్న మందలో రెండు గుణాలు మించి పట్టుకోవద్దు. గుడ్డు బరువు, పెంకు. రంగు, తోక, తురాయి అందం అన్నీ చూస్తూ కూర్చుంటే ఏదీ కదలదు. పందెం కోడి మీద మోజున్న ఇళ్లలో ఈ మాట చెప్పడం కష్టమే. అసిల్ మన ఆంధ్ర జాతే, ఒంట్లో సత్తువ ఉన్నది, కానీ గుడ్ల కోసం ఎవరూ ఎంచింది కాదు. దాని దారి వేరు.

ఎంచితే ఏడాదికి ఎంత మార్పు వస్తుంది?

లెక్క వేసి చూద్దాం. మందలో గుడ్డు సగటు బరువు 42 గ్రాములు, మీరు ఎంచిన పెట్టల సగటు 48 అనుకోండి. తేడా 6 గ్రాములు. పిల్లకు సగం గుణం పుంజు నుంచే వస్తుంది కాబట్టి, పుంజును చూడకుండా ఏదో ఒకటి వదిలితే ఆ తేడాలో సగమే, అంటే 3 గ్రాములే లెక్కలోకి వస్తుంది. అందులో సగం పిల్లలకు దిగుతుంది. తరానికి గ్రామున్నర. ప్రోటీన్‌లో చూస్తే గుడ్డుకు 0.16 గ్రాములు. పుంజును కూడా మంచి తల్లికి పుట్టినదాన్ని పెడితే ఇది పెరుగుతుంది. తరానికి ఒక ఏడాది పడుతుంది కాబట్టి నాలుగైదేళ్లు పట్టుదలగా చేస్తేనే కంటికి కనిపించే తేడా.

ఇంత ఓపిక లేదు, గుడ్లే కావాలి అనుకుంటే గ్రామప్రియ అనే సంకర రకం కోడిని తెచ్చుకోవడమే మేలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకానికి తయారు చేసింది. సరైన మేత ఉంటే 72 వారాల వయసుకు 200 నుంచి 225 గుడ్లు పెడుతుంది. అక్కడిదే వనరాజా మాంసానికీ గుడ్లకూ రెండింటికీ పనికొచ్చే కోడి, గుడ్లు అంతకంటే తక్కువ. సొంతంగా ఎంపిక చేసుకోవడం ఎవరికంటే పొదిగే గుణం, కుక్క, గద్ద నుంచి తప్పించుకునే చురుకుదనం, నాటు రేటు ఇవన్నీ ఉంచుకుంటూ గుడ్డును మెరుగుపరుచుకోవాలి అనుకునేవాళ్లకు.

గ్రామప్రియ పెట్టల గుడ్లనే పొదిగించి మంద పెంచుకోవచ్చా?

పిల్లలు వస్తాయి, తల్లిలాంటివి మాత్రం రావు. ఇవి వేర్వేరు వరసలను కలిపి తీసిన సంకరాలు. వాటిలో వాటిని దాటిస్తే రెండో తరంలో గుణాలు చెదిరిపోతాయి. ఒకటి బాగా పెడుతుంది, పక్కది పెట్టదు, బరువులు కూడా తలా ఒక తీరుగా ఉంటాయి. గుడ్డు అమ్మకానికి పెట్టుకున్న మంద అయితే పిల్లలను ప్రతిసారీ కొత్తగా తెచ్చుకోండి.

ఏ పెట్ట ఏ గుడ్డు పెట్టిందో ఎలా తెలుస్తుంది?

ఇళ్లలో ఆడవాళ్లు ఎప్పటినుంచో చేసేదే. పొద్దున్నే పెట్టను పట్టి చూసి, గుడ్డు ఉందని తేలితే గంప కింద కమ్మేయడం. ఇరవై పెట్టల దాకా ఇంతకంటే మంచి పద్ధతి అక్కర్లేదు. కాలికి నంబరు రింగు వేసి, గుడ్డు మీద పెన్సిల్‌తో ఆ నంబరు, తేదీ రాయండి. ఎక్కువ పెట్టలుంటే పెట్ట లోపలికి వెళ్లగానే తలుపు పడిపోయే ట్రాప్ నెస్ట్ పెట్టెలు చేయించుకోవచ్చు, కాకపోతే గంటకోసారి ఎవరో ఒకరు వెళ్లి విడిపించాలి. ఎండాకాలంలో మరిచిపోతే పెట్ట లోపలే చచ్చిపోతుంది.

రోజూ రాయాల్సిన పని లేదు. వారంలో రెండు మూడు రోజులు రాసినా పోలికకు సరిపోతుంది. అయితే పెట్టలన్నింటినీ ఒకే వయసులో, ఒకే నెలలో పోల్చాలి. వయసు పెరిగే కొద్దీ గుడ్డు పెద్దదై, పెంకు పలచబడి, తెల్లసొన జారుతుంది. అందుకే ముసలి పెట్ట పెద్ద గుడ్డు చూసి మురిసిపోతే మోసపోతాం.

పుంజు గుడ్డు పెట్టదు కదా, దాన్ని ఎలా ఎంచాలి?

దాని తల్లిని, అక్కచెల్లెళ్లను చూసి. తల్లి గుడ్డు 48 గ్రాములు, దానితో పుట్టిన పెట్టలవి కూడా సగటు కంటే పైన ఉంటే ఆ పుంజును ఉంచండి. పుంజు ఎంపికే అసలు లాభం, ఎందుకంటే ఒక పుంజు ఎనిమిది పది పెట్టలకు తండ్రి అవుతుంది. ఊళ్లో మాత్రం మెడ నిక్కబొడిచి కూసేదాన్నే ఉంచి మిగతావాటిని కోసేస్తారు. కూతకూ గుడ్డుకూ ఏ సంబంధమూ లేదు.

పుంజు మార్చాక మూడు వారాలు ఆగి గుడ్లు పొదగేయాలి. పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు బతికే ఉంటుంది. ఆగకపోతే పిల్లలకు తండ్రి ఎవరో తేలదు.

ఒకే పుంజును ఎన్నేళ్లు ఉంచొచ్చు?

కూతుళ్ల మీదికి రానివ్వకండి. ఒక పుంజు, పది పెట్టలతో మందను మూసేసి నడిపితే తరానికి దాదాపు 14 శాతం చొప్పున రక్తసంబంధం చేరుతుంది. నాలుగు పుంజులు, నలభై పెట్టలుంటే అది మూడున్నర శాతం లోపే. ముందు దెబ్బ తినేది పొదుగు, అంటే పొదగేసిన గుడ్లలో పిల్లలయ్యేవి తగ్గుతాయి. గుడ్లు మురిగిపోతాయి, బయటికి వచ్చిన పిల్లలు నీరసంగా ఉంటాయి, తర్వాత గుడ్ల సంఖ్య పడిపోతుంది.

నలుగురు ఇరుగుపొరుగు కలిస్తే ఇది సులభంగా తీరుతుంది. మొదటి ఇంటి కుర్ర పుంజులు రెండో ఇంటికి, రెండో ఇంటివి మూడో ఇంటికి, అలా ఏటా ఒకే వరసలో తిప్పుకోవాలి. పెట్టలు మాత్రం పుట్టిన ఇంట్లోనే ఉంటాయి.

పెంకు గట్టిదనం, తెల్లసొన చిక్కదనం ఇంట్లోనే కొలవొచ్చా?

కొలవొచ్చు. పెంకుకు ఉప్పునీళ్లు చాలు. లీటరు నీటిలో సుమారు 125 గ్రాముల ఉప్పు కరిగిస్తే నీటి సాంద్రత 1.080 దగ్గరికి వస్తుంది. ఆ రోజు పెట్టిన గుడ్డును అందులో వేయండి. మునిగితే పెంకు మందంగా ఉన్నట్టు, తేలితే పలచన. నిన్నటి, మొన్నటి గుడ్లు వేయకూడదు. రోజులు గడిచే కొద్దీ లోపల గాలి గది పెరిగి మంచి పెంకు గుడ్డు కూడా తేలుతుంది. పొదగేయాల్సిన గుడ్లను ఈ పరీక్షకు వాడకండి.

తెల్లసొనకు గుడ్డును చదునైన అద్దం మీద పగలగొట్టి, పచ్చసొన పక్కన చిక్కటి తెల్లసొన ఎంత ఎత్తున నిలిచిందో చూడాలి. 1937లో రేమండ్ హా ఈ ఎత్తును గుడ్డు బరువుతో కలిపి ఒక లెక్క కట్టారు. దాన్నే హా యూనిట్ అంటారు. 60 గ్రాముల గుడ్డులో ఎత్తు 7 మిల్లీమీటర్లు ఉంటే 83 వస్తుంది, 4 అయితే 58. అమెరికా గ్రేడింగ్‌లో 72 దాటితే మొదటి రకం. మనకు ఆ లెక్క లేకపోయినా ఫర్వాలేదు. ఒకే రోజు గుడ్లు పక్కపక్కన పగలగొట్టి చూస్తే ఏది నీళ్లలా పరుచుకుందో కంటికే తెలుస్తుంది.

తెల్లసొన మేతతో పెద్దగా మారదు. జాతి, పెట్ట వయసు, జబ్బు, నిల్వ, ఈ నాలుగే దాన్ని నడిపిస్తాయి. ఎంత మంచి పెట్ట గుడ్డయినా ఏప్రిల్‌లో రేకుల గదిలో నాలుగు రోజులు పెడితే పలచబడుతుంది. మట్టి కుండ చుట్టూ తడి గోనె చుట్టి అందులో ఉంచితే ఆ నాలుగు రోజులు కాస్త నిలబడుతుంది.

మే నెలలో పెంకు పలచగా పెట్టిన పెట్టను తీసేయాలా?

వద్దు, తొందరపడొద్దు. మన దగ్గర 42, 43 డిగ్రీల ఎండలో పెట్ట నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పేటప్పుడు ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. పెంకు తయారయ్యేది కాల్షియం కార్బొనేట్‌తో. కార్బన్ డయాక్సైడ్ తగ్గితే కాల్షియం ఎంత తిన్నా పెంకు పూర్తిగా కట్టదు. పైగా ఎండకు మేత తగ్గించేస్తుంది, దాంతో గుడ్డు కూడా చిన్నదవుతుంది. అంటే మేలో మీరు కొలిచేది పెట్ట గుణాన్ని కాదు, ఎండను.

దీనికి చేయగలిగినవి ఉన్నాయి. మేత తెల్లవారుజామున, పొద్దు వాలాక వేయాలి. పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూట, సుమారు ఇరవై గంటల పని అది. అందుకని గవ్వ ముక్కలు, సున్నపురాయి ముక్కలు సాయంత్రం వేయండి. మెత్తటి పొడి కంటే జొన్న గింజంత ముక్కలే మంచివి, కందనకాయలో నిలిచి రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతాయి. నీళ్లు చల్లగా ఉండాలి. అనంతపురం వైపు కొన్ని బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఉప్పు నీళ్లు కూడా పెంకును పలచబరుస్తాయి. వానాకాలం ట్యాంకు నీళ్లు పెట్టిన నెలలో పెంకు బాగుపడితే తప్పు బోరుదే.

బోడమెడ కోళ్లు ఎండకు ఆగుతాయంటారు, నిజమా?

నిజమే. మెడ మీద ఈకలు లేకుండా చేసే జన్యువు ఒక్క పాలు వచ్చినా ఒంటి మీద ఈకలు సుమారు 20 శాతం తగ్గుతాయి, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పాళ్లూ వస్తే 40 శాతం దాకా. వేడి సులభంగా బయటికి పోతుంది కాబట్టి ఎండల్లో గుడ్డు బరువు, పెంకు అంతగా పడిపోవు. చూడ్డానికి బాగుండదని మన ఊళ్లలో వీటిని ముందుగా కోసేస్తారు. రాయలసీమలో ఇంతకంటే తెలివితక్కువ పని లేదని నా ఉద్దేశం. మీ మందలో బోడమెడ పుంజు ఉంటే, దాని తల్లి మంచి గుడ్డు పెట్టినదైతే, దాన్నే వాడండి. రెండు పాళ్లూ ఉన్నవాటికి పొదుగు కాస్త తగ్గుతుంది, అందుకని మామూలు మెడ పెట్టలతో దాటించడం మేలు.

వేరుశనగ చెక్క, పత్తి చెక్క మన దగ్గరే దొరుకుతాయి. అవే పెడితే సరిపోదా?

ముందు వేరుశనగ చెక్క. ప్రోటీన్ 40 శాతం పైనే ఉంటుంది కానీ అందులో లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌కు ఇటుకల్లాంటివి) తక్కువ. గుడ్డు బరువును ముందుగా ఆపేది మెథియోనిన్ కొరత. పొద్దుతిరుగుడు చెక్కలో, నువ్వుల చెక్కలో మెథియోనిన్ మెరుగ్గా ఉంటుంది కాబట్టి కొంత కలపొచ్చు, లేదా దాణా షాపుల్లో దొరికే మెథియోనిన్ పొడి తగిన మోతాదులో కలపాలి. వేరుశనగతో ఉన్న అసలు భయం బూజు. తడిసిన కాయలో పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారు చేస్తుంది. ఈ విషం సంగతి లోకానికి తెలిసిందే 1960లో ఇంగ్లండ్‌లో వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు. కోత సమయంలో వాన పడ్డ ఏడాది చెక్క కొనేముందు రెండుసార్లు ఆలోచించండి. విషం కొద్దిగా ఉన్నా లివర్ దెబ్బతిని గుడ్డు చిన్నదవుతుంది, మనం జాతిని తిట్టుకుంటాం.

ఆదోని వైపు పత్తి గింజల చెక్క చవకగా దొరుకుతుంది. గేదెలకు పెట్టుకోండి, గుడ్ల కోళ్లకు వద్దు. అందులోని గాసిపాల్ అనే పదార్థం పచ్చసొనలోని ఇనుముతో కలిసి నిల్వలో దాన్ని ఆకుపచ్చగా, మట్టిరంగుగా మారుస్తుంది. పత్తి నూనెలోని ఇంకో పదార్థం వల్ల తెల్లసొన గులాబీ రంగుకు తిరుగుతుంది. పెట్టిన రోజు బాగానే ఉంటుంది, కొన్నవాళ్ల ఇంట్లో వారానికి బయటపడుతుంది. ఆ తర్వాత వాళ్లు మీ దగ్గర గుడ్లు కొనరు.

గుడ్లు పెట్టే కోడి మేతలో 16 నుంచి 18 శాతం ప్రోటీన్, 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉండాలి. ఈ మేతను పిల్లలకు పెట్టకూడదు, అంత కాల్షియంతో వాటి కిడ్నీలు పాడవుతాయి.

బేతంచెర్ల వైపు క్వారీ పొడి ఊరికే వస్తుంది. కాల్షియానికి అది వేయొచ్చా?

సున్నపురాయి అయితే పనికొస్తుంది. కానీ కడప, కర్నూలు ప్రాంతంలో డోలమైట్ అనే రాయి కూడా చాలా ఉంది, వేంపల్లె రాతి పొరలు అలాంటివే. డోలమైట్‌లో మెగ్నీషియం ఎక్కువ, అది కోడికి విరేచనాలు పెట్టించి పెంకును ఇంకా పలచన చేస్తుంది. ఏ రాయో తెలియని పొడి వేయకండి. కోళ్ల దాణాకు అమ్మే సున్నపురాయి లేదా గవ్వలు కొనడమే క్షేమం, వాటికయ్యే ఖర్చు ఎంతో కాదు.

పచ్చసొన ఎర్రగా ఉంటే మంచి గుడ్డా?

రంగు మేతది, జాతిది కాదు. జొన్నలు, నూకలు మాత్రమే తింటే పాలిపోయి ఉంటుంది. మొక్కజొన్న, మునగాకు, అవిసాకు, బంతిపూల రేకులు తింటే ముదురు రంగు వస్తుంది. ఎండుమిర్చి పొడి కూడా ఎర్రబరుస్తుంది, పక్షులకు మిరప కారం తెలియదు కాబట్టి కోడి హాయిగా తింటుంది. రంగుతో ప్రోటీన్ ఏమీ మారదు, కొనేవాళ్లు మాత్రం రంగు చూసే కొంటారు.

గుడ్డులో రక్తపు చుక్క?

సొన విడిపోయేటప్పుడు చిన్న నరం చిట్లితే వస్తుంది. ఉడికించి తినొచ్చు. గోధుమ రంగు గుడ్లలో ఇవి కాస్త ఎక్కువ. ఒకే పెట్ట పదే పదే అలా పెడితే దాని గుడ్లు పొదగేయకండి, ఆ గుణం కొంత పిల్లలకు దిగుతుంది.

పచ్చి గుడ్డు తాగితే ప్రోటీన్ ఎక్కువ దొరుకుతుందా?

తక్కువ దొరుకుతుంది. ఉడికిన గుడ్డు ప్రోటీన్‌లో 90 శాతం దాకా ఒంటికి పడితే, పచ్చి గుడ్డులో సగమే పడుతుంది. తాలింఖానాలో గుడ్డు పగలగొట్టుకుని తాగే పిల్లలకు ఈ మాట చెప్పండి.

మంద మొత్తం ఒక్కసారిగా ముడతల పెంకు గుడ్లు పెడుతోంది. ఎంపికలో తప్పు జరిగిందా?

ఎంపిక తప్పయితే ఒకటి రెండు పెట్టల్లో కనిపిస్తుంది. మంద మొత్తం మారితే జబ్బు. ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే శ్వాస జబ్బు వస్తే పెంకు ముడతలు పడుతుంది, తెల్లసొన నీళ్లలా అవుతుంది. పిల్లప్పుడే ఈ జబ్బు తగిలిన పెట్టకు గుడ్డు గొట్టం చెడిపోయి జీవితాంతం సరిగా పెట్టకపోవచ్చు. రాణిఖేత్ కూడా గుడ్లను పాడుచేస్తుంది, దాని టీకాలు ఎప్పుడూ తప్పించొద్దు. పశువైద్యుడికి చూపించండి. ఆ నెల రాసిన కొలతలు ఎంపికకు వాడకండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరిని అడగాలి?

జనవరి, ఫిబ్రవరిలో పిల్లలు దిగేలా చూసుకోండి. అవి ఆగస్టు, సెప్టెంబరులో గుడ్డుకు వస్తాయి. నవంబరు, డిసెంబరులో ఎండ లేని రోజుల్లో బరువు, పెంకు కొలవొచ్చు. అప్పుడు ఎంచినవాటి గుడ్లు మళ్లీ జనవరికి పొదగేస్తే ఏడాదికి ఒక తరం చక్కగా కుదురుతుంది. ఎండాకాలం దాటేది కూడా కుర్ర పిల్లలే అవుతాయి, గుడ్డు మీదున్న పెట్టలంత బాధ వాటికి ఉండదు.

సలహాకు అనంతపురం వాళ్లకు రెడ్డిపల్లి, కడప వాళ్లకు ఊటుకూరు, కర్నూలు వాళ్లకు ఎమ్మిగనూరు దగ్గరి బనవాసి, నంద్యాల వాళ్లకు బనగానపల్లె దగ్గరి యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. వెళ్లేటప్పుడు రాసుకున్న పుస్తకం, ఆ రోజు పెట్టిన గుడ్లు ఓ ఐదారు, మీరు వేసే మేత గుప్పెడు కవర్లో కట్టుకుని తీసుకెళ్లండి.